రోల్ ప్లే అనగానే అందరూ నవ్వేస్తున్నారు. ఈ ట్రైనింగ్ వల్ల నిజంగా పని జరుగుతుందా?

వార్డు_అక్క
గుంటూరులో ఒక ప్రైవేటు హాస్పిటల్లో నర్సింగ్ ఎడ్యుకేటర్‌ని. అటెండెంట్లతో గొడవలు ఎక్కువయ్యాయని, స్టాఫ్ నర్సులకి కమ్యూనికేషన్ ట్రైనింగ్ ఇవ్వమన్నారు. హెచ్‌ఆర్ వాళ్లు ఒక పీపీటీ పంపారు. చివరి స్లైడులో "రోల్ ప్లే - 30 నిమిషాలు" అని ఉంది. ఇంకేం లేదు.

సరే అని ఒక అమ్మాయిని కోపంగా ఉన్న అటెండెంట్‌గా, ఇంకో అమ్మాయిని నర్సుగా నిలబెట్టాను. "ఏంటి సిస్టర్, మా నాన్నని ఎవరూ పట్టించుకోవట్లేదు" అని ఈమె అంది, నవ్వింది. "సారీ సార్" అని ఆమె అంది, ఆమే పకపకా నవ్వింది. హాలంతా నవ్వు. వెనక బెంచీలో ఎవరో వీడియో తీస్తున్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. మిగతా టైముకి ఏం చేయాలో తెలియక టీ తెప్పించాను.

వచ్చే వారం ఇంకో బ్యాచ్ ఉంది. ఈ రోల్ ప్లే వల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా? లేక పీపీటీలో ఖాళీ నింపడానికి పెట్టేదేనా?

కౌంటర్_నం_3
టీ ఎలా ఉంది?

మా బ్యాంకు ట్రైనింగ్ సెంటర్లోనూ ఇదే తంతు. నేను కస్టమర్, పక్క బ్రాంచి అతను క్యాషియర్. మూడో నిమిషానికి ఇద్దరం కలిసి మేనేజర్లని తిట్టుకుంటున్నాం. స్నేహం మాత్రం గట్టిపడింది.

సుద్దముక్క
బీఈడీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అమ్మా వార్డు_అక్కా, రెండు నిమిషాల్లో అయిపోవడం తప్పేమీ కాదు. ఒక్కసారి చేయించి వదిలేయడం దగ్గరే తేడా వచ్చింది.

మైక్రోటీచింగ్ అని బీఈడీ చేసినవాళ్లకి గుర్తుండాలి. 1963లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పుట్టింది. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు దాన్ని మన కాలేజీలకి తగ్గట్టు మార్చారు. ఇక్కడ తోటి ట్రైనీలే ఏడో తరగతి పిల్లలై కూర్చుంటారు కాబట్టి అది రోల్ ప్లే కాక మరేమిటి? లెక్క ఇలా ఉంటుంది. 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు దాని మీద మాట్లాడుకోవడం, 12 నిమిషాలు పాఠాన్ని సరిచేసుకోవడం, మళ్లీ 6 నిమిషాలు అదే పాఠం, మళ్లీ 6 నిమిషాలు మాట్లాడుకోవడం. వెరసి 36. ఆ ఆరు నిమిషాల్లో గొప్ప పాఠం చెప్పేయాలని ఎవరూ అనరు. ఒకే ఒక్క నైపుణ్యం చూస్తారు. ప్రశ్న అడగడం అనుకుంటే అదొక్కటే. ఆ రోజు బోర్డు మీద అక్షరాలు వంకరపోయినా పట్టించుకోరు.

మొదటిసారి నవ్వు సిగ్గు వల్ల వస్తుంది. "నువ్వు ప్రశ్న వేసి, జవాబు కూడా నువ్వే చెప్పేశావు" అని ఎవరో ఒకరు అన్నాక, రెండోసారి నవ్వే తీరిక ఉండదు. మీ అమ్మాయిల చేత అదే సీను మళ్లీ చేయించి చూడండి.

చెవిలో_పువ్వు
మాస్టారూ, మైక్రోటీచింగ్ రికార్డు రాయడం గుర్తుంది కానీ, చేసినట్టు గుర్తులేదు. సీనియర్ రికార్డు చూసి దింపాం. అతను తన సీనియర్‌ది చూసి దింపాడు.

సుద్దముక్క
ఆ వంశవృక్షంలో మూలపురుషుడు బహుశా నా స్టూడెంటే అయ్యుంటాడు.

ముక్కుసూటి
గొడవలు ఎందుకవుతున్నాయో మాత్రం ఎవరూ అడగట్లేదు.

మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు అక్కడి సిస్టర్లు చాలా మర్యాదగా మాట్లాడారు. నా కోపం మాత్రం తగ్గలేదు. లోపల ఏం జరుగుతోందో చెప్పే డాక్టరు కనపడడు. సాయంత్రమయ్యేసరికి డిపాజిట్ కట్టమని బిల్లింగ్ నుంచి ఫోన్ మాత్రం ఠంచనుగా వస్తుంది. ఎదురుగా దొరికేది నర్సు కాబట్టి ఆమె మీద అరుస్తాం. ఆమెకి ఎన్ని రోల్ ప్లేలు చేయిస్తే డిపాజిట్ తగ్గుతుంది? ముప్పై బెడ్లకి ఇద్దరు నర్సుల్ని పెట్టి, వాళ్లకి చిరునవ్వు నేర్పించడం యాజమాన్యానికి చవక బేరం. అందుకే ఈ ట్రైనింగులు.

రాత్రి_డ్యూటీ
ముక్కుసూటి గారూ, స్టాఫ్ నర్సుగా చెప్తున్నా, మీ మాటకి నా ఓటు.

నేను ఇంతకుముందు చేసిన చోట ఇలాంటి క్లాసే పెట్టారు. కోపిష్టి అటెండెంట్ వేషం ఆపరేషన్స్ మేనేజర్ వేశాడు. ఎదురుగా జాయినై నెల కూడా కాని అమ్మాయి. ఆయన "నువ్వు" అని మొదలుపెట్టి, "మీ నర్సులంతా ఇంతే" దాకా వెళ్లాడు. అందులో వేషం ఎంతో, ఆయన మనసులో మాట ఎంతో ఎవరికీ అర్థం కాలేదు. ఆ పిల్ల ఏడ్చింది. ఆయన మాత్రం "చూశారా, బయట ఇలాగే ఉంటుంది, గట్టిగా ఉండాలి" అని చప్పట్లు కొట్టించాడు. ఆ తర్వాత రోల్ ప్లే ఉందంటే సగం మంది సిక్ లీవు పెట్టేవారు.

జీతం పెంచేవాడు, కోసేవాడు ఆ వేషం వేయకూడదు. కనీసం ఈ రూలైనా పెట్టండి అక్కా.

చెవిలో_పువ్వు
ఆ మేనేజర్ గారికి నర్సు వేషం ఇచ్చి, మిగతా అందరూ అటెండెంట్లయి ఉంటే క్లాసు బాగా జరిగేది.

పొద్దుటి_ఓపీ
మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పైన చెవిలో_పువ్వు జోకుగా అన్నదాన్ని మేం నిజంగానే చేస్తాం, మేనేజర్ ఉండడంతే. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో ఎట్‌కామ్ అని ఒక భాగం వచ్చింది. నడవడిక, నైతికత, పేషెంట్లతో మాట తీరు నేర్పడానికి. అందులో రోల్ ప్లే వాడతాం. నా అనుభవంలో డాక్టరు వేషం వేసినవాడి కంటే పేషెంటు వేషం వేసినవాడికే ఎక్కువ వంటబడుతుంది. బల్ల మీద పడుకుని, పైన నిలబడ్డ ఐదుగురు తన గురించి ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఇదేమీ నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు. 1963లో లాస్ ఏంజెలెస్‌లో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు, చిత్రకారుల దగ్గర మోడల్‌గా పనిచేసే ఒకామెకి మల్టిపుల్ స్క్లెరోసిస్ లక్షణాలు నేర్పి, విద్యార్థుల ముందు పేషెంటుగా కూర్చోబెట్టాడు. అప్పట్లో అందరూ ఎగతాళి చేశారు. తర్వాత అమెరికాలో డాక్టరు లైసెన్సు పరీక్షలోనే 2004 నుంచి అలాంటి వేషధారి పేషెంట్లు వచ్చారు. మన తెలుగు పిల్లలు ఎంతమంది ఆ స్టెప్ 2 సీఎస్ కోసం విమానం ఎక్కారో లెక్కలేదు. కోవిడ్‌లో ఆపారు, 2021లో పూర్తిగా ఎత్తేశారు.

ముక్కుసూటి గారు చెప్పిన డిపాజిట్ సంగతి మాత్రం ఏ రోల్ ప్లేతోనూ తీరదు. ఒప్పుకుంటున్నా.

ముక్కుసూటి
అమెరికావాళ్లే ఎత్తేశారంటున్నారు. ఇక మనకెందుకు?

పొద్దుటి_ఓపీ
వాళ్లు ఎత్తేసింది దేశమంతటికీ కలిపి పెట్టే ఒక ఖరీదైన పరీక్షని. కాలేజీల్లో నేర్పడం ఆపలేదు.

డబ్లిన్_చలి
నర్సింగ్ చదివింది ఏలూరులో, ఉద్యోగం ఐర్లండ్‌లో. ఇక్కడికి రావడానికి ఓఈటీ రాశాను, అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష. ఆ పరీక్షలో స్పీకింగ్ అంటేనే రెండు రోల్ ప్లేలు. ఒక్కోదానికి మూడు నిమిషాలు చీటీ చదువుకోవడానికి, ఐదు నిమిషాలు మాట్లాడటానికి. మీ సమస్యకి జవాబు ఆ చీటీలో ఉంది అక్కా, వినండి.

నర్సు చీటీ వేరు, ఎదుటివాళ్ల చీటీ వేరు. వాళ్ల చీటీలో ఏముందో మనకి తెలియదు. ఉదాహరణకి మన చీటీలో "ఈమె డ్రెస్సింగ్ మార్పించుకోవడానికి రానంటోంది, ఒప్పించు" అని ఉంటుంది. ఆమె చీటీలో "మీకు డ్రెస్సింగ్ అంటే భయం లేదు. ఇంట్లో చిన్నపిల్లాడిని చూసేవాళ్లు లేరు. నర్సు అడిగితేనే చెప్పండి" అని ఉంటుంది. మనం గాయం, ఇన్ఫెక్షన్ అని ఎంత ఊదరగొట్టినా ఆమె కదలదు. "రావడానికి ఇబ్బంది ఏంటమ్మా?" అని అడిగిన క్షణంలో సీను మారిపోతుంది.

మీరు "కోపంగా ఉన్న అటెండెంట్" అన్నారు. ఎందుకు కోపమో ఆ అమ్మాయికి చెప్పలేదు. ఆమె మాత్రం ఏం చేస్తుంది, నవ్వక?

ఇంకొకటి. 2018 నుంచి ఇంగ్లీషుతో పాటు పేషెంటు కోణం అర్థం చేసుకున్నామా లేదా అని కూడా మార్కులు వేస్తున్నారు. కోచింగ్ సెంటర్లలో "ఐ అండర్‌స్టాండ్ యువర్ కన్సర్న్" అని బట్టీ కొట్టిస్తారు. పేషెంటు ఇంకా కన్సర్న్ ఏంటో చెప్పకముందే మనవాళ్లు అర్థం చేసేసుకుంటారు.

కౌంటర్_నం_3
చివరి లైను మా కస్టమర్ కేర్‌కి ఫ్రేము కట్టించి పంపుతున్నా.

హైటెక్_గుడారం
కాల్ సెంటర్లో ట్రైనర్‌గా చేశాను, మాదాపూర్. డబ్లిన్_చలి గారు చెప్పింది నిజమే కానీ మా దగ్గర అంత టైం ఇవ్వరు. మాక్ కాల్ అంటే స్క్రిప్టు చదివాడా లేదా, పేరు పెట్టి పిలిచాడా లేదా, చివర్లో "ఇంకేమైనా సహాయం కావాలా" అన్నాడా లేదా. టిక్కు, టిక్కు, టిక్కు. కస్టమర్ ఏడుస్తున్నా సరే చివర్లో ఆ ప్రశ్న అడగాల్సిందే. రోల్ ప్లేని చెక్‌లిస్టుతో కొలిస్తే మనుషులు చెక్‌లిస్టుకే జవాబు చెప్తారు.

ఊరి_దారి
ఆశా కార్యకర్తలకి ట్రైనింగ్ ఇచ్చే టీంలో ఉన్నాను, శ్రీకాకుళం వైపు. మా దగ్గర నవ్వుతారు గానీ, సిగ్గుపడి మాత్రం కాదు.

ఆస్పత్రిలో కాన్పు అయిన బిడ్డని ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్లి చూడాలి. పుస్తకంలో "తల్లితో మాట్లాడాలి" అని ఉంటుంది. ఊళ్లో తల్లి మాట్లాడితే కదా. మంచం పక్కన అత్తగారు కూర్చుని ఉంటారు. ముర్రుపాలు పిండి పారబోయమనేది ఆవిడే, తేనె నాకించమనేది ఆవిడే. అందుకని మా రోల్ ప్లేలో అసలు పాత్ర అత్తగారిదే. ఆ వేషం కోసం మావాళ్లు పోట్లాడుకుంటారు. ప్రతి ఒక్కరికీ చూసిన అత్త ఉంది, కొందరు తామే అత్తలు. "నలుగురిని కని పెంచాను, నువ్వొచ్చి చెప్తావా నాకు?" అని కొంగు దోపి లేస్తే, ఎదుటామెకి నిజంగా చెమటలు పడతాయి.

ఒకసారి ఇలాంటి సీనులో ఆశాగా చేస్తున్నామె వాదించి వాదించి విసిగిపోయి, "సరే అత్తా, మీ పిల్లల్ని చలికాలంలో ఎలా కాపాడుకున్నారో చెప్పండి" అంది. అత్త వేషంలో ఉన్నామె చెప్పడం మొదలెట్టింది. బిడ్డని వెచ్చగా చుట్టే బాధ్యత అత్తగారికి అప్పజెప్పేసి, ఆ ఊపులోనే పాల సంగతి కూడా దాటించేసింది. అది ఏ మాడ్యూల్లోనూ లేదు. ఇప్పుడు మా బ్లాకులో అందరూ అదే వాడుతున్నారు.

కాబట్టి అక్కా, చీటీ హెచ్‌ఆర్ వాళ్ల చేత రాయించకండి. మీ నర్సులనే అడగండి: "నిన్న రాత్రి ఎవరు అరిచారు, ఏమని అరిచారు?" వాళ్లకి తెలిసిన మనిషినే వాళ్లు బాగా వేస్తారు.

వార్డు_అక్క
ఊరి_దారి గారూ, అత్తగారి ముక్క చదివి స్టాఫ్ రూములో చదివి వినిపించాను. ఇద్దరు ఇప్పటికే ఆ వేషానికి పేరు ఇచ్చారు, మాది మెటర్నిటీ కాదన్నా వినట్లేదు.

రాత్రి_డ్యూటీ చెప్పినట్టు మేనేజర్లు ఎవరూ ఉండరు, వీడియోలు ఉండవు. అది ఖాయం. కానీ చూసేవాళ్లు ముప్పై మంది ఉంటారు, చేసేది ఇద్దరే. మిగతావాళ్లని ఏం చేయాలి?

డప్పు_దరువు
వీధి నాటకాలు ఆడేవాణ్ణి, నల్లగొండ. మిగతావాళ్లకి "ఆపు" అనే హక్కు ఇవ్వండి. బ్రెజిల్‌కి చెందిన అగస్టో బోవాల్ అనే నాటకాల ఆయన 1970ల్లో పెంచిన పద్ధతి ఇది, ఫోరం థియేటర్ అంటారు. సీను చెడిపోయేలా ఒకసారి ఆడతారు. రెండోసారి అదే సీను మొదలవుతుంది. "ఇక్కడ నేనైతే ఇలా అనను" అనుకున్నవాళ్లు "ఆపు" అని, లేచి వచ్చి, ఆ నర్సు స్థానంలో నిలబడి చేసి చూపించాలి. కూర్చున్నచోటు నుంచి సలహాలు చెల్లవు. నోరున్నవాళ్లంతా పది నిమిషాల్లో కంట్రోల్‌లోకి వస్తారు.

కోపం నటించమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. కోపం నటిస్తే అరుపే వస్తుంది. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు, పన్నెండు నుంచి రిపోర్టు కోసం తిరుగుతున్నావు, రెండు కౌంటర్లు తిప్పి పంపారు" అని చెప్పండి చాలు.

అయిపోయాక వేషం దింపాలి. కోపిష్టిగా చేసినామె తన పేరు చెప్పి, ఎదుటామెతో రెండు మాటలు మామూలుగా మాట్లాడాలి. మీకిది పిచ్చిగా అనిపించొచ్చు. కానీ సాయంత్రం డ్యూటీలో అదే మొహం చూసి ఆమె ముడుచుకుపోకూడదు కదా.

సుద్దముక్క
డప్పు_దరువు గారితో ఒకచోట విభేదిస్తాను. కొత్తవాళ్లకి "ఆపు" పెట్టకండి. మధ్యలో ఆపితే ఉన్న ధైర్యం కూడా పోతుంది. ముందు ఆరు నిమిషాలు పూర్తి చేయనివ్వాలి. తర్వాత కూడా మొదట చేసినామెనే "నీకేం బాగా వచ్చింది?" అని అడగాలి. తప్పులెన్నే పని చివర.

డప్పు_దరువు
మాస్టారూ, మీది క్లాసు, మాది బజారు. బజార్లో ఆరు నిమిషాలు ఆగితే జనం వెళ్లిపోతారు.

రన్‌వే_09
విమానయానంలో ట్రైనింగ్ విభాగంలో పని. ఒక మాట చెప్పి పోతా.

1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రన్‌వే మీదే రెండు జంబో జెట్లు గుద్దుకుని 583 మంది చనిపోయారు. టేకాఫ్ క్లియరెన్సు రాకుండానే కేఎల్ఎం కెప్టెన్ విమానాన్ని పరుగెత్తించాడు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీరుకి అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. కెప్టెన్ కొట్టిపారేశాడు. పెద్ద కెప్టెన్, ఇంకెవరూ రెట్టించలేదు. ఇలాంటి ప్రమాదాలన్నీ చూసి 1979లో నాసా ఒక వర్క్‌షాప్ పెట్టింది. సీఆర్‌ఎం అనే ట్రైనింగ్, అంటే విమాన సిబ్బంది ఒకరి మాట ఒకరు విని కలిసి పనిచేయడం నేర్పేది, అక్కడి నుంచి వచ్చింది. సిమ్యులేటర్‌లో మొత్తం సిబ్బంది ఎవరి పాత్రలో వాళ్లు కూర్చుని ప్రమాదాన్ని ఎదుర్కొంటారు. జూనియర్ నోరు తెరిచాడా, సీనియర్ విన్నాడా అన్నది కూడా అక్కడ చూస్తారు.

మీరు అటెండెంట్ల మీద పడ్డారు గానీ, నర్సు రాత్రి రెండింటికి డాక్టరుకి ఫోన్ చేయడానికి భయపడే సీను మీ దగ్గర లేదా?

రాత్రి_డ్యూటీ
లేదా అంటారేంటండీ. మా బతుకే ఆ సీను.

"సార్, బెడ్ 12కి బాగోలేదు సార్." "ఏమైంది?" "ఏదోలా ఉన్నారు సార్." "పొద్దున చూద్దాం." ఫోన్ కట్. డాక్టరుకి ఏ వరసలో చెప్పాలో ఎస్‌బార్ అని గోడకి చార్టు అంటించారు. ఇప్పుడు పరిస్థితి ఏంటి, వెనక కథ ఏంటి, నాకు ఏమనిపిస్తోంది, మీరు ఏం చేయాలి. ఆ నాలుగో ముక్క దగ్గరే గొంతు ఆగిపోతుంది. "మీరు వచ్చి చూడాలి" అని డాక్టరుకి చెప్పడం ఏ కాలేజీలో నేర్పారు మాకు?

పొద్దుటి_ఓపీ
దీనికి రోల్ ప్లే పక్కా పనికొస్తుంది, కానీ డాక్టరు వేషం నిజం డాక్టరే వేయాలి. మాకూ అవసరమే. వార్డు_అక్క గారూ, చీటీ ఒకటి రాసి ఇక్కడ పెట్టండి, చూస్తాం.

వార్డు_అక్క
రాశాను. దిద్దండి.

నర్సు చీటీ: రాత్రి 2:10. బెడ్ 12, 58 ఏళ్లు, పొట్ట ఆపరేషన్ అయి రెండో రాత్రి. పల్స్ 124, బీపీ 92/60, నాలుగు గంటలుగా యూరిన్ బాగా తగ్గింది. డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేయండి.

డాక్టరు చీటీ: ఇప్పుడే కన్నంటింది. మొదట "పొద్దున చూద్దాం" అనండి. "బాగోలేదు" అంటే లేవొద్దు. నర్సు అంకెలు చెప్పి, రమ్మని నోటితో అడిగితే లేవండి.

పొద్దుటి_ఓపీ
బాగుంది. ఒక్క కొత్త లైను కావాలి. అంకెలు చెప్పి, రమ్మని అడిగాక కూడా డాక్టరు లేవకపోతే నర్సు తర్వాత ఎవరికి ఫోన్ చేయాలి? అది నర్సు చీటీలో రాయండి.

వార్డు_అక్క
ఇప్పుడే నలుగురిని అడిగాను. నాలుగు జవాబులు వచ్చాయి. ఒకరు ఇన్‌చార్జ్ సిస్టర్ అన్నారు, ఒకరు సర్జన్ గారికే అన్నారు, ఒకరు ఐసీయూ డాక్టరు అన్నారు. నాలుగో అమ్మాయి "దేవుడికి" అంది.

ముక్కుసూటి
చూశారా, ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నర్సు కాదు, మీ యాజమాన్యం. అటెండెంట్ సీనులో కూడా ఇలాగే వెతకండి. "ఎస్టిమేట్ ఎంతవుతుంది సిస్టర్?" అని అడిగితే ఆమె ఎవరి వైపు చూస్తుందో రాసుకోండి. సీను ఎక్కడెక్కడ ఆగిపోతుందో ఆ లిస్టు తీసుకెళ్లి మీ పైవాళ్ల బల్ల మీద పెట్టండి. ఈ పనికైతే రోల్ ప్లేకి నేను కూడా ఓటేస్తా.

వార్డు_అక్క
మెడికల్ సూపరింటెండెంట్ గారిని రేపు కలుస్తున్నా. రాత్రి పూట ఎవరి తర్వాత ఎవరికి ఫోన్ చేయాలో రాతపూర్వకంగా ఇవ్వమని అడుగుతా. అది వచ్చేదాకా ఈ చీటీతో క్లాసు పెట్టను. వచ్చే వారం బ్యాచ్‌కి రిపోర్టు కోసం తిరిగిన అటెండెంట్ సీను ఒక్కటే, రెండుసార్లు. "ఆపు" రెండోసారికి మాత్రమే. మాస్టారు, డప్పు గారు ఇద్దరూ సర్దుకోవాలి.

డాక్టరు వేషానికి మా వాళ్లెవరూ ముందుకు రావట్లేదు, అదొక్కటే మిగిలింది.

కౌంటర్_నం_3
నాకివ్వండి. ఫోన్ మోగుతున్నా నిద్రపోవడంలో మా బ్రాంచికి మంచి పేరుంది.